మూలకానికీ పరమాణువుకూ తేడా ఏమిటి? కందుకూరు పాప అడిగిన మూడు సందేహాలకు సమాధానం

మీ ప్రశ్న చదివానమ్మా. తొమ్మిదో తరగతి చదివే మీ పాపకు వచ్చిన సందేహాలు మూడు. మూలకం అంటే ఒకే రకం పరమాణువులున్న పదార్థం అని పుస్తకంలో ఒకచోట ఉంది. పరమాణువు అంటే మూలకంలోని అతి చిన్న కణం అని ఇంకోచోట ఉంది. ఇది చెప్పడానికి అది, అది చెప్పడానికి ఇది వాడుతున్నారు, మరి ముందేది అన్నది మొదటి సందేహం. మూలకాలు 118 అయితే పరమాణువులు కూడా 118 రకాలేనా అన్నది రెండోది. కనిగిరిలో అమ్మమ్మగారి ఇంటి బోరు నీళ్ళలో ఫ్లోరిన్ ఉందంటారు, పుస్తకంలోనేమో ఫ్లోరిన్ విషవాయువని ఉంది, మరి ఆ నీళ్ళు తాగి జనం ఎలా బతుకుతున్నారు, కాచి తాగితే పోతుందా అన్నది మూడోది.

ట్యూషన్ సార్ "రెండూ ఒకటేలే, పరీక్షకు పనికిరాదు" అన్నారని రాశారు. నేను కాలేజీలో చాలా ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. రెండూ ఒకటి కాదు. పాప మూడో సందేహం అయితే ఇంటర్ పిల్లలు కూడా అడగరు. అది తీరాలంటే మిగతా రెండూ ముందు తేలాలి, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఒంగోలు జాతి పశువుల సంగతి మన వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. "ఒంగోలు జాతి" అనేదాన్ని ఎవరూ కొట్టంలో కట్టేయలేరు, దానికి మేత వేయలేరు. కట్టేసేది, మేపేది, సంతలో బేరమాడేది ఒక గిత్తనో ఒక ఆవునో. మూలకం అంటే జాతి. పరమాణువు అంటే ఆ జాతిలో ఒకానొక పశువు. మన పశువులను ఎప్పుడో బ్రెజిల్ తీసుకుపోయారు, అక్కడ ఆ జాతిని ఇప్పటికీ నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. సముద్రాల అవతల పుట్టి పెరిగినా జాతి మాత్రం ఆ జాతే. అలాగే సూర్యుడిలో ఉన్న ఇనుప పరమాణువూ నెల్లూరు స్టేషన్లో రైలు పట్టాలో ఉన్న ఇనుప పరమాణువూ వేర్వేరు కణాలు, మూలకం ఒకటే. ఈ పోలికను ఇంతకుమించి లాగకూడదు. పశువుల్లో సంకరం ఉంటుంది, పరమాణువుల్లో ఉండదు. పరమాణువు మధ్యలో ఉండే కేంద్రకంలో 8 ప్రోటాన్లు (ధనావేశం ఉన్న కణాలు) ఉంటే ఆక్సిజన్, 9 ఉంటే ఫ్లోరిన్. ఎనిమిదిన్నర అనేది లేదు.

ఇక మొదటి సందేహం. పాప చెప్పినట్టు ఆ రెండు నిర్వచనాలను పక్కపక్కన పెడితే గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాం. తప్పు పాపది కాదు, పుస్తకంలో అవి వచ్చిన వరసది. చరిత్రలో మూలకం అనే ఆలోచన ముందు వచ్చింది, పరమాణువుల అవసరం లేకుండానే వచ్చింది. 1789లో ఫ్రాన్స్‌లో లవోయిజర్ ఒక పట్టిక వేశాడు. రసాయనికంగా ఎంత విడగొట్టినా ఇంకా సరళమైన పదార్థంగా విడిపోనిది ఏదో అది మూలకం అన్నాడు. ఇందులో పరమాణువు ఊసే లేదు. కుండలో, కొలిమిలో చేసి చూసే పరీక్ష ఇది. ఆ పట్టికలో 33 ఉన్నాయి. వాటిలో వెలుతురు కూడా ఉంది, వేడి కూడా ఉంది! సున్నం ఉంది. సిలికా ఉంది, అంటే మన కోట, చిల్లకూరు వైపు తవ్వి లారీల్లో గాజు ఫ్యాక్టరీలకు పంపే ఆ తెల్ల ఇసుక. అప్పటికి వాటిని విడగొట్టే దారి ఎవరికీ తెలియదు కాబట్టి మూలకాలే అనుకున్నారు. 1808లో హంఫ్రీ డేవీ కరెంటు సాయంతో సున్నం నుంచి కాల్షియం లోహాన్ని విడదీశాక సున్నం పట్టికలోంచి బయటికి పోయింది. తర్వాత సిలికాకూ అదే గతి పట్టింది.

అదే 1808లో ఇంగ్లండులో జాన్ డాల్టన్ పుస్తకం మొదటి భాగం వచ్చింది. ఒక్కో మూలకానికి ఒక్కో రకం పరమాణువు, ఒక మూలకంలోని పరమాణువులన్నిటిదీ ఒకే బరువు అన్నాడు. పాప పుస్తకంలో తిరిగే గానుగ ఇక్కడ మొదలైందే. ఇది ఒక వందేళ్ళు నడిచింది. పరమాణువు లోపల ఏముందో తెలియనంతకాలం అంతకన్నా చెప్పడానికీ లేదు.

ముడి విప్పింది 1913లో హెన్రీ మోస్లీ. ఒక్కో మూలకం మీద ఎలక్ట్రాన్లను కొట్టించి, దాన్నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను కొలిచాడు. మూలకాలను వరస పెట్టిన ఆవర్తన పట్టికలో ఒక్కో గడి ముందుకు జరిగేకొద్దీ ఆ కిరణాలు ఒక పద్ధతి ప్రకారం మారుతూ పోయాయి. అంటే పరమాణు సంఖ్య అనేది పట్టికలో వరస నంబరు మాత్రమే కాదు, కేంద్రకంలో ఉన్న ధనావేశానికి, అంటే ప్రోటాన్ల సంఖ్యకు, కొలత. మనిషి రెండేళ్ళకే, 27 ఏళ్ళ వయసులో, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు. బతికి ఉంటే నోబెల్ ఖాయమని కెమిస్ట్రీ వాళ్ళందరం అనుకునే మాట.

కాబట్టి ఇప్పుడు వరస ఇలా ఉండాలి. ముందు పరమాణువు: మధ్యలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉన్న కేంద్రకం, దాని చుట్టూ ఎలక్ట్రాన్లు. ఇది చెప్పడానికి మూలకం అనే మాట అక్కర్లేదు. తర్వాత మూలకం: ప్రోటాన్ల సంఖ్య ఒకటే ఉన్న పరమాణువులన్నీ కలిపి ఒక మూలకం. న్యూట్రాన్లు ఎన్నున్నా, ఎలక్ట్రాన్ ఒకటి పోయినా ఒకటి వచ్చినా మూలకం మారదు. ఈ ఒక్క ముక్క మూడో సందేహంలో మళ్ళీ అవసరమవుతుంది, పాపను గుర్తుపెట్టుకోమనండి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. పుస్తకాలు దీన్ని దాటేసి పోతాయి, నాకు అది నచ్చదు. మూలకం అనే మాటను మేము, అంటే కెమిస్ట్రీ వాళ్ళం, రెండు రకాలుగా వాడతాం. ఒకటి నేను పైన చెప్పిన జాతి. రెండోది ఆ జాతి పరమాణువులు మాత్రమే ఉన్న పదార్థం, చేత్తో పట్టుకునేది. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం నిర్వచనంలో కూడా ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే ఉంటాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి తీసుకోండి. అందులో ఆక్సిజన్ ఉందా? ఉంది, బరువులో నాలుగో వంతుకు పైనే ఉంటుంది. మరి ఆ రాయిని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆక్సిజన్ అందుతుందా? అందదు. రాయిలో ఉన్నది ఆక్సిజన్ జాతి పరమాణువులు, సిలికాన్‌తో, ఇనుముతో, మెగ్నీషియంతో గట్టిగా కట్టుబడి ఉన్నాయి. ఆసుపత్రి సిలిండర్లో ఉన్నది ఆక్సిజన్ పదార్థం, రెండేసి పరమాణువులు జతకట్టిన అణువులు. రెండుచోట్లా "ఆక్సిజన్" అనే అంటాం. పిల్లలు తడబడకపోతేనే ఆశ్చర్యం.

ఒకే జాతి పరమాణువులు ఒకే పదార్థాన్ని ఇస్తాయన్న గ్యారంటీ కూడా లేదు. వజ్రమూ పెన్సిల్లోని గ్రాఫైటూ రెండూ కార్బనే, పేర్పు వేరు. రెండు ఆక్సిజన్ పరమాణువులు కలిస్తే గాలిలో మనం పీల్చే ఆక్సిజన్, మూడు కలిస్తే ఓజోన్, అది పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు.

ఇంకో మాట. "మూలకం ధర్మాలన్నీ కలిగి ఉన్న అతి చిన్న కణం పరమాణువు" అని కొన్ని గైడ్లలో ఉంటుంది. "అన్నీ" అనేది అబద్ధం. నెల్లూరు ఆచారి వీధిలో ఒక సవర మేలిమి బంగారం కొన్నారనుకోండి. అంటే 8 గ్రాములు. అందులో పరమాణువులు ఎన్నంటే 24 రాసి పక్కన 21 సున్నాలు పెట్టాలి. ఒక సెంటీమీటరు పొడుగున వాటిని వరసగా పేర్చడానికి మూడున్నర కోట్లు కావాలి. సవర బంగారానికి పసుపు రంగుంది, మెరుపుంది, 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సుత్తితో కొడితే రేకుగా సాగుతుంది. ఒక్క బంగారు పరమాణువుకు ఇవేవీ లేవు. ఒక్కటి కరగడమేమిటి, సాగడమేమిటి? అవన్నీ గుంపులో ఉంటే వచ్చే ధర్మాలు. మైకేల్ ఫారడే 1857లోనే బంగారాన్ని అతి సన్నని రేణువులుగా నీళ్ళలో చేసి చూపించాడు. ఆ నీళ్ళ రంగు ఎరుపు. ఒక్క పరమాణువు తనవెంట మోసుకెళ్ళేది దాని జాతి గుర్తును, ఎవరితో ఎలా కలుస్తుందన్న స్వభావాన్ని. అంతే. అన్నట్టు, 916 నగ మేలిమి మూలకం కాదు, రాగి, వెండి లాంటివి కలిపిన మిశ్రమం. పాప ప్రాజెక్టులో నగ ఫొటో అంటించి కింద "మూలకం" అని రాస్తే మార్కు పోతుంది, జాగ్రత్త.

రెండో సందేహానికి వస్తాను. మూలకాలు 118, నిజమే. చివరి నాలుగింటికి పేర్లు ఖాయం చేసింది 2016లో. పరమాణువుల రకాలు మాత్రం 118 కాదు. ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య వేరైన పరమాణువులుంటాయి, వాటిని ఐసోటోపులంటారు. అన్ని మూలకాలవీ కలిపితే ఇప్పటికి తెలిసిన రకాలు 3,000 పైమాటే. వాటిలో స్థిరంగా ఉండేవి 250 దాకా, మిగతావి ఎప్పుడో ఒకప్పుడు మారిపోయేవే. "ఒక మూలకంలోని పరమాణువులన్నిటిదీ ఒకే బరువు" అన్న డాల్టన్ మాట ఇక్కడ దెబ్బతింది.

దీనికి మన తీరంలోనే ఉదాహరణ ఉంది. చినగంజాం ఉప్పు మడులు చూసే ఉంటారు (ఊరు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ నా నోటికి ఇంకా ప్రకాశం జిల్లా అనే వస్తుంది). ఉప్పులో సోడియం, క్లోరిన్ ఉంటాయి. పాప పుస్తకంలో క్లోరిన్ పరమాణు భారం 35.5 అని ఉంటుంది. అరగంట కూర్చుని వెతికినా 35.5 బరువున్న క్లోరిన్ పరమాణువు ఆ మడి మొత్తంలో ఒక్కటి కూడా దొరకదు. ఉన్నవి 35 ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన లెక్క) ఉన్నవి నాలుగింట మూడు వంతులు, 37వి నాలుగో వంతు. 35.5 అనేది సగటు. అంటే ఆ అంకె మూలకానిది, ఏ ఒక్క పరమాణువుదీ కాదు. "పరమాణు భారం" అని పేరు పెట్టి మూలకం సగటు చెప్పడం మా వాళ్ళు చేసిన గందరగోళమే, ఒప్పుకుంటాను. అన్ని మూలకాలూ ఇలా కలగాపులగంగా ఉండవు. ప్రకృతిలో దొరికే బంగారంలో ఒకటే రకం, ఫ్లోరిన్‌లోనూ ఒకటే రకం.

పాప ఆసక్తి చూస్తే ఇది కూడా చెప్పాలనిపిస్తోంది, పరీక్షకు అవసరం లేదు. సైదాపురం గనుల అభ్రకం, అదే మైకా, చూసే ఉంటారు, పొరలు పొరలుగా ఊడివస్తుంది. ఆ తెల్ల మైకాలో పొటాషియం ఉంటుంది. ప్రకృతిలోని పొటాషియం పరమాణువుల్లో పదివేలకు ఒకటి చొప్పున 40 ద్రవ్యరాశి సంఖ్యవి ఉంటాయి, అవి స్థిరం కావు. 125 కోట్ల ఏళ్ళలో వాటిలో సగం మారిపోతాయి. అలా మారినవాటిలో పదింట తొమ్మిది కాల్షియం అవుతాయి, మిగతావి ఆర్గాన్ అవుతాయి. నిన్నటిదాకా పొటాషియం జాతిలో ఉన్న పరమాణువు ఇవాళ ఆర్గాన్ జాతిలో ఉంది! పొటాషియం అనే మూలకం ఏమీ మారలేదు, దానికి ఎప్పటికీ 19 ప్రోటాన్లే. మారింది ఆ ఒక్క పరమాణువు. మూలకమూ పరమాణువూ వేరు అనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు. రాతి పొరల్లో చిక్కుకుపోయిన ఆ ఆర్గాన్‌ను కొలిచే భూగర్భశాస్త్రం వాళ్ళు రాళ్ళ వయసు కడతారు. గాలిలో దాదాపు ఒక శాతం ఉన్న ఆర్గాన్ కూడా ఎక్కువ భాగం ఇలా రాళ్ళలోని పొటాషియం నుంచి పుట్టిందే. అందువల్లే అది ఎక్కువగా 40 రకం. అందువల్లే ఆవర్తన పట్టికలో ముందు గడిలో ఉన్నా దాని భారం పొటాషియం కంటే ఎక్కువ. ఈ తిరకాసును కూడా తేల్చింది మోస్లీ చూపిన పరమాణు సంఖ్యే. పట్టికను బరువును బట్టి కాదు, ప్రోటాన్లను బట్టి వరస పెట్టాలి.

ఇప్పుడు కనిగిరి నీళ్ళు.

ఫ్లోరిన్ జాతి అంటే 9 ప్రోటాన్లు. ఈ పరమాణువుకు ఇంకో ఎలక్ట్రాన్ లాక్కోవాలన్న ఆత్రం మిగతా మూలకాలన్నిటికంటే ఎక్కువ. ఫ్లోరిన్ పదార్థం, అంటే రెండేసి పరమాణువుల అణువులతో ఉన్న లేత పసుపు వాయువు, దొరికిన ప్రతిదాని మీదా పడుతుంది. నీటిని తాకినా ఊరుకోదు, చర్య జరిపేస్తుంది. దాన్ని విడదీయబోయి చాలామంది ఆరోగ్యం పాడుచేసుకున్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరికి 1886లో పారిస్‌లో హెన్రీ మోయిసాన్ సాధించాడు, 1906లో నోబెల్ కూడా వచ్చింది. కాబట్టి కనిగిరి కాదు గదా, ఏ ఊరి బోరు నీళ్ళలోనూ ఫ్లోరిన్ వాయువు ఉండదు, ఉండే వీలే లేదు.

నీళ్ళలో ఉన్నది ఫ్లోరైడ్. అదే ఫ్లోరిన్ పరమాణువు తనకు కావలసిన ఒక్క ఎలక్ట్రాన్‌ను ఎప్పుడో సంపాదించుకుని శాంతించిన రూపం. ప్రోటాన్లు 9, ఎలక్ట్రాన్లు 10. ప్రోటాన్లు మారలేదు కాబట్టి మూలకం ఫ్లోరినే. ఎలక్ట్రాన్ మారింది కాబట్టి నడవడి పూర్తిగా వేరు. జనం "ఫ్లోరిన్ నీళ్ళు" అనడంలో జాతి లెక్కన తప్పు లేదు. పుస్తకం "ఫ్లోరిన్ విషవాయువు" అనడంలో పదార్థం లెక్కన తప్పు లేదు. పాప రెండింటినీ కలిపి చూసింది, అక్కడ భయం పుట్టింది.

ఆ పరమాణువు నీళ్ళలోకి ఎలా వచ్చిందంటే, కనిగిరి, పొదిలి, ఇటు ఉదయగిరి వైపు భూమి అడుగున గట్టి రాయి. అలాంటి రాళ్ళలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ఆ రాయిని ఎక్కువకాలం ఒరుసుకుని ఉంటాయి, కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. నీళ్ళలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దించేస్తుంది. కాల్షియం తక్కువున్నచోట ఫ్లోరైడ్ నీళ్ళలోనే ఉండిపోతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. 1.5 అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, ఆ లీటరులో 47 రాసి పక్కన 18 సున్నాలు పెట్టినన్ని ఫ్లోరైడ్ అయాన్లు, అంటే ఎలక్ట్రాన్ ఒకటి ఎక్కువున్న ఆ పరమాణువులు, ఉంటాయి. ఒక గుక్కలో విషంలా పనిచేయదు కాబట్టే జనం బతుకుతున్నారు. ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదు తాగితే పళ్ళ మీద, ఎముకల మీద చూపిస్తుంది. ఎముకలోని కాల్షియం ఫాస్ఫేటులో ఒక హైడ్రాక్సైడ్ ఉన్నచోట ఈ అయాను వచ్చి కూర్చుంటుంది. రాయిలో ఉన్నప్పుడూ, నీళ్ళలో ఉన్నప్పుడూ, ఎముకలోకి చేరాకా అదే పరమాణువు, అదే మూలకం. పక్కనున్నవాళ్ళు మాత్రమే మారారు.

కాచితే పోదమ్మా. ఆవిరయ్యేది నీరు, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. నీళ్ళు తగ్గాయి కాబట్టి లీటరుకు లెక్కేస్తే ఇంకా చిక్కబడుతుంది. పరమాణువును మంట మీద పెట్టి మాయం చేయలేం, ఒకచోటు నుంచి ఇంకోచోటుకు తీయగలం అంతే. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పి, తెట్టు అడుక్కు దిగేదాకా కదపకుండా ఉంచి, పైనీళ్ళు వంచుకునే నల్గొండ పద్ధతి చేసేది అదే. ఫ్లోరైడ్ నీళ్ళలోంచి తెట్టులోకి పోతుంది. ఎంత పటిక వేయాలన్నది నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారత ఎంతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఊహ మీద వేయకుండా ముందు అమ్మమ్మగారి బోరు నీళ్ళు ల్యాబులో పరీక్ష చేయించండి. ఇంట్లో ఆర్వో మిషన్ ఉంటే అదీ తీస్తుంది. దాని పక్క పైపు నుంచి పోయే వేస్ట్ నీళ్ళలో ఫ్లోరైడ్ మామూలు కంటే ఎక్కువుంటుంది కాబట్టి వాటిని బాత్రూం కడగడానికి వాడుకోండి, పశువుల తొట్టిలో మాత్రం పోయకండి.